మేమూ బుక్ చేసుకున్నాం

మా ఆయన ఏది కొన్నా వంద ప్రశ్నలు అడిగి గాని కొనరు. చెప్పుల జత కోసం వెళ్ళినా షాపువాడు నీరసపడి కుర్చీలో కూలబడాల్సిందే. అలాంటి మనిషి ఆ ఇంటిని బుక్ చేశారు కాబట్టే నేను నిశ్చింతగా ఉన్నాను.

ఆ ప్రయాణం మా చెల్లెలు చిట్టి కోసం పెట్టుకున్నది. పోయిన చలికాలంలో దాని కూతురు న్యుమోనియాతో పోయింది. మూడేళ్ళ పిల్ల. ఆ తర్వాత చిట్టి మొగుడు ఉద్యోగం వంక పెట్టి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఫోన్లు తగ్గాయి, ఆగిపోయాయి. నేనే వెళ్ళి చిట్టిని మా ఇంటికి తెచ్చుకున్నాను. కళ్ళజోళ్ళ షాపులో నా పని ముగించుకుని సాయంత్రం ఇల్లు చేరేసరికి, పొద్దున వదిలిన చోటే, వంటింటి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉండేది. టీ ఇస్తే తాగేది. ఇవ్వకపోతే అడిగేది కాదు.

"మనిషికి కాస్త గాలి మార్పు కావాలి. నాలుగు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అన్నాడు డాక్టరు.

ఆయన ఫోను పట్టుకుని కూర్చున్నారు. ఇళ్ళు అద్దెకిచ్చే సైటులో రిజర్వాయరు ఒడ్డున ఒక ఇల్లు దొరికింది. ఎర్ర పెంకులు, చుట్టూ చెట్లు, వరండాలో పేము కుర్చీలు. ఫొటోలు పెద్దవి చేసి మూలమూలలా చూశారు. మ్యాపులో ఇల్లు ఉందో లేదో వెతికారు. ఉండి వెళ్ళినవాళ్ళు రాసిన పొగడ్తలన్నీ చదివారు. అంతా సవ్యంగానే ఉంది. చివర్లో ఓనరు మెసేజ్ పెట్టాడు. సైటువాళ్ళు మధ్యలో తినేస్తారండీ, నేరుగా నా ఖాతాకి పంపండి, తగ్గించి ఇస్తాను అని.

"సైటులోనే కట్టొచ్చుగా. పోనీ వీడియో కాల్ చేసి ఇల్లు చూపించమనండి" అన్నాను.

"అక్కడ సిగ్నలుండదట. ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో చూడు. ఇంకో కుటుంబం కూడా అడుగుతోందట, ఆలస్యం చేస్తే చెయ్యి జారిపోతుంది" అన్నారు ఆయన, అప్పటికే డబ్బు పంపేసి.

మేము చేరేసరికి సాయంత్రం. దారంతా వాన. చివరి వంపు తిరగ్గానే ఇల్లు కనిపించింది. ఫొటోలో ఉన్న ఇల్లే. అవే ఎర్ర పెంకులు, అవే పేము కుర్చీలు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వెనక్కి తిరిగి, "చూడవే చిట్టీ, ఎంత బాగుందో" అన్నాను. అది తలూపింది.

గేటు దగ్గర నంబరు తాళం పెట్టె ఉంటుందన్నాడు ఓనరు. పెట్టె లేదు. తుప్పు పట్టిన ఇనప తాళం వేలాడుతోంది. ఆయన తడుస్తూనే గోడ పొడుగునా వెతికారు. రోడ్డు మీదికి వెళ్ళి ఫోను పైకెత్తి సిగ్నలు పట్టారు. ఓనరు నంబరు స్విచ్చాఫ్. మళ్ళీ చేశారు. మళ్ళీ. నాలుగోసారీ అంతే. కారులోకి వచ్చి స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. ఏమీ అనకు అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు.

అప్పుడే గొడుగు వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. ఆ ఇంటి వాచ్‌మన్.

"అద్దెకనుకుని వచ్చారా?" అన్నాడు. మా మొహాలు చూస్తేనే తెలిసిపోయినట్టుంది. "ఈ ఇల్లు అద్దెకివ్వరమ్మా. ఎవడో ఫొటోలు ఎత్తుకెళ్ళి పెట్టుకున్నాడు. మీలాంటి వాళ్ళకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది."

"ఇక్కడ దగ్గర్లో లాడ్జి ఏదైనా..." అన్నారు ఆయన.

"ఏమీ లేదు సారూ. వెనక్కి కూడా పోలేరు. వాగు రోడ్డెక్కింది. ఇప్పుడే గొలుసు అడ్డం కట్టేశారు."

వాన హోరు పెరిగింది. వెనక సీట్లో చిట్టి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నేను కారు దిగి ఆ ముసలాయన ముందు చేతులు జోడించాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. మా చెల్లెలి కథంతా చెప్పేసినట్టున్నాను. ముసలాయన చిట్టి వంక చూసి, మొలలోంచి తాళంచెవుల గుత్తి తీశాడు.

ముందు గది ఒక్కటే తెరిచి ఇచ్చాడు. కరెంటు లేదు. మూసి ఉంచిన గది వాసన, తడిసిన పరుపు వాసన. ఒక కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద అతికించాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు.

"ఇంకెవరైనా వస్తారు. మేమూ బుక్ చేసుకున్నాం అంటారు. తలుపు తీయకండి."

"అయ్యో, మాలాగే మోసపోయినవాళ్ళయితే?" అన్నాను.

"మీలాగే మోసపోయినవాళ్ళేనమ్మా" అన్నాడు. "అయినా తీయొద్దు."

గొడుగు విప్పుకుని చెట్ల మధ్యకి వెళ్ళిపోయాడు.

చీకటి చిక్కబడింది. పెంకుల మీద వాన ఏకధాటిగా పడుతోంది. చిట్టిని సోఫాలో పడుకోబెట్టి నా శాలువా కప్పాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి, "నా బుద్ధి గడ్డి తిన్నది" అని గొణిగారు. "ఊరుకోండి, పొద్దున వెళ్ళిపోదాం" అన్నాను.

కాసేపటికి కిటికీ అద్దం మీద వెలుతురు పడింది. కారు లైట్లు. గేటు దాకా వచ్చి ఆగాయి. ఇంజను చప్పుడు మాత్రం వినపడలేదు.

"వాగు రోడ్డెక్కిందన్నాడుగా... ఎలా వచ్చారు?" అన్నారు ఆయన.

గేటు కిర్రుమనలేదు. కానీ కంకర మీద చక్రాల చప్పుడు మొదలైంది. ట్రాలీ సూట్‌కేసు లాగుతున్న చప్పుడు. కరకర... కరకర... వరండా దాకా వచ్చింది. ఆగింది.

తలుపు మీద మెల్లగా తట్టారు.

"ఎవరండీ?" అన్నారు ఆయన.

"మేమూ బుక్ చేసుకున్నామండీ." ఆడగొంతు. అలసిపోయిన గొంతు. "తాళం పెట్టె కనపడలేదు. ఓనరు ఫోనెత్తట్లేదు. కాస్త తలుపు తీస్తారా?"

నాకు గుండె నీరైపోయింది. గంట క్రితం మేము పడ్డ పాట్లే అవి. ఆయన గడియ మీద చెయ్యి వేశారు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"పాపకి ఒళ్ళు కాలిపోతోందండీ" అంది ఆ గొంతు. వెనకాలే పిల్ల దగ్గు వినిపించింది. లోపల నీళ్ళున్నట్టు, గురగురమనే దగ్గు.

సోఫాలో చిట్టి లేచి కూర్చుంది.

"అక్కా, పాప దగ్గుతోంది."

"పడుకోవే."

"ఈ రాత్రికి చాలండీ" అంది బయట గొంతు. "పాపనొక్కదాన్నే లోపలికి తీసుకున్నా చాలు. మేం బయటే ఉంటాం. వాళ్ళ నాన్న సామాను తెస్తున్నారు..."

చక్రాల చప్పుడు మళ్ళీ మొదలైంది. కరకర... గోడ వెంబడే పోతోంది. ఇంటి చుట్టూ తిరుగుతోంది. వంటగది వైపు వెళ్ళింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ముందుకొచ్చింది. ఆగకుండా. దారి దొరకనివాడు తిరిగినట్టు. దాంతోపాటే తలుపు కింది సందులోంచి ఒక వాసన వచ్చింది. చెరువు అడుగున ఉండే బురద వాసన, అందులో కలిసిపోయిన పెట్రోలు వాసన.

"పాపం... పసిపిల్ల..." అన్నారు ఆయన. ఆయన గొంతులో ఏడుపుంది. "మనకి ఆ ముసలాయన తీయకపోతే ఏమయ్యేవాళ్ళం?"

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, తెర ఒక వేలు మందం తొలగించాను.

అప్పుడే మెరిసింది.

గేటు బయట, మా కారు వెనకాల, ఒక తెల్ల కారు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. కారు లోపల... నీళ్ళు. పైకప్పు దాకా నీళ్ళు. అందులో ఒక చిన్న గొడుగు మెల్లగా తిరుగుతోంది. లైట్లు నీళ్ళలోంచే వెలుగుతున్నాయి.

తెర వదిలేశాను. ఆయన చెయ్యి పట్టుకుని గడియ నుంచి లాగాను. ఆయన నా మొహం చూశారు. అంతే. ఇద్దరం తలుపుకి వీపులు ఆనించి కింద కూలబడ్డాం.

"తీయండమ్మా..." అంది గొంతు. ఇప్పుడది నా చెవి పక్కనే ఉంది. చెక్కకి అవతల. "మీకూ తెలుసుగా. మీకూ తెలుసుగా ఎలా ఉంటుందో."

తెలుసు. అందుకే రెండు చెవులూ మూసుకున్నాను. ఏడుస్తూ, "మమ్మల్ని వదిలెయ్యండి, మా దగ్గర ఇంకేమీ లేదు" అన్నాను. ఏం మాటలో అవి. ఎవరితో అంటున్నానో.

ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది.

చక్రాలు ఆగాయి. తట్టడం ఆగింది. వాన ఒక్కటే ఉంది.

కొవ్వొత్తి వెలుగులో సోఫా వైపు చూశాను. శాలువా ఉంది. చిట్టి లేదు.

"చిట్టీ!"

లోపలి గది తలుపు తాళం వేసి ఉండాల్సింది. బార్లా తెరిచి ఉంది. ఆయన ఫోను టార్చి వెలిగించారు. నడవా దాటి, వంటగది దాటి పరిగెత్తాం. పెరటి తలుపు తీసి ఉంది. వాన లోపలికి కొడుతోంది. గడప దగ్గర చిట్టి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ ముందుకి చాపి ఉన్నాయి. ఎవరినో అందుకున్నట్టు. దాని మొహంలో చాలా రోజులకి నేను చూసిన నెమ్మది.

"ఎవరికి తీశావే?" గుసగుసగా అడిగాను. గట్టిగా అడిగే ధైర్యం లేదు.

"పాపనొక్కదాన్నే అక్కా. వాళ్ళమ్మకి కూడా చెప్పాను. ఇంక దిగులు పడకండి, నేను చూసుకుంటానని."

పెరట్లోంచి, చెట్ల అవతలి నుంచి, ఎక్కడో నీళ్ళ వైపు నుంచి అదే ఆడగొంతు వచ్చింది. ఈసారి అందులో బతిమాలడం లేదు.

"చాలమ్మా... చోటు దొరికింది. అది చాలు."

ఆయన తలుపు మూశారు. గడియ వేశారు. కుర్చీ తెచ్చి అడ్డం పెట్టారు. గదులన్నీ టార్చితో వెతికాం. ఎవరూ లేరు. నడవాలో ఎక్కడా తడి అడుగులు కూడా లేవు. చిట్టి సోఫాలో ఒక పక్కకి ఒదిగి, ఇంకొకరికి చోటు వదిలి పడుకుంది. వెంటనే నిద్రపోయింది. మేమిద్దరం తెల్లవార్లూ కన్నార్పలేదు.

పొద్దున వాన వెలిసింది. గేటు బయట ఆ తెల్ల కారు లేదు, దాని చక్రాల గీతలూ లేవు. వాచ్‌మన్ వచ్చాడు. అతను నోరు తెరవకముందే మా ఆయన అడిగారు.

"ఎవరు వాళ్ళు?"

ముసలాయన రిజర్వాయరు వైపు చూశాడు. "పోయిన వానాకాలం వచ్చారు సారూ. ఇలాగే, సాయంత్రం పూట. ఇల్లు అద్దెకివ్వరని చెప్పాను. తలుపు తీయలేదు. పిల్లకి జ్వరమన్నారు, అయినా తీయలేదు. నా ఉద్యోగం పోతుందని భయం. చీకట్లో కారు వెనక్కి తిప్పుకుని పోతూ మలుపు దగ్గర నీళ్ళలోకి జారిపోయారు." అటుకేసి వేలు చూపించాడు. "మొగుడూ పెళ్ళాం దొరికారు. పిల్ల దొరకలేదు."

మేము తలుపు తీశామో లేదో ముసలాయన అడగలేదు. మేము చెప్పలేదు.

గొలుసు తీసేశారని కబురు రాగానే బయలుదేరాం. సామానంతా డిక్కీలో పడేశాను. నేను ముందు, చిట్టి వెనక. మలుపు దాటేదాకా ఎవరం ఊపిరి తీయలేదు. మెయిన్ రోడ్డెక్కాక ఆయన వేగం పెంచారు. కారులో టింగ్ టింగ్‌మని శబ్దం మొదలైంది. డాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తు. వెనక సీటు బెల్టుది.

"చిట్టీ, బెల్టు పెట్టుకోమ్మా" అన్నారు ఆయన.

"పెట్టుకున్నాను బావా."

"మరి సీటు మీద సంచి ఏదైనా ఉందా?"

"లేదు, అన్నీ డిక్కీలోనే పెట్టాను" అన్నాను నేను.

టింగ్... టింగ్... ఆగడం లేదు. ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకున్నారు. వేళ్ళు తెల్లబడ్డాయి. అద్దంలోకి చూడటం లేదు. నేనే వెనక్కి తిరిగాను.

చిట్టి పక్క సీటు ఖాళీగా ఉంది. అది వంగి, ఆ సీటు బెల్టుని జాగ్రత్తగా, ఎక్కడా ఒరుసుకోకుండా ముందుకి లాగి, టక్కుమని బిగించింది.

శబ్దం ఆగింది.

పట్టీ సీటుకి ఆనలేదు. జానెడు ఎత్తున, గాల్లో ఉబ్బి నిలబడింది. మెల్లగా లేస్తోంది... మెల్లగా దిగుతోంది.