వెనక నుంచి తోసే చెయ్యి

తెల్లవారి ఆరున్నరకల్లా నగరిలో మగ్గాలు మొదలవుతాయి. పక్కింటి పవర్‌లూమ్‌ల అదురుకు వంటింట్లో గిన్నెలు సన్నగా మోగుతుంటాయి. ఆ చప్పుడులోనే రూపశ్రీ కాఫీ కలిపి, అత్త మునిరత్నమ్మకు పాలు పోయని డికాక్షన్ విడిగా ఉంచి, పెరట్లో ముఖం కడుక్కుంటున్న ఆమె వెనక తువ్వాలు పట్టుకుని నిలబడింది.

మునిరత్నమ్మ సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంది. మరుక్షణం ముందుకు తూలి నీళ్ళ తొట్టి అంచు మీద పడింది.

"ఎవురో తోసినారు," అంది, లేపబోయిన కోడలి చెయ్యి విడిపించుకుంటూ. నుదురు చిట్లింది. "వీపు మింద చెయ్యి పెట్టి తోసినారు."

పెరట్లో మూడో మనిషి లేరు. నెల రోజుల్లో ఇది మూడోసారి. మూడుసార్లూ అత్త కళ్ళు మూసుకునే ఉంది, మూడుసార్లూ వెనక రూపశ్రీయే ఉంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు లోకులు. లోకులకేం, కాలేది వాళ్ళ ఇల్లు కాదు కదా.

మధ్యాహ్నానికి ఆ మాట వీధి చివర ఉండే మునిరత్నమ్మ అక్క అక్కమ్మ దాకా పోయింది. రూపశ్రీకి తన చేతుల మీద తనకే అనుమానం పుట్టింది. అత్త పక్కనుంచి పోవాల్సొస్తే రెండు చేతులూ కొంగులో చుట్టుకుని పోయింది.

ఆ సాయంత్రం కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రూపశ్రీ బియ్యం కడుగుతున్న గిన్నె రెండు చేతులా పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చింది. ముందు గదిలో, ఆరేళ్ళ కిందట పోయిన మామ తిరుమలయ్య ఫోటో ఎదుట అత్త దీపం వెలిగించి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆమె ఒళ్ళు నెమ్మదిగా ఊగింది. అంతలో వెనక నుంచి ఎవరో నెట్టినట్టు ముందుకు పడబోయి గోడ పట్టుకుంది. దీపం మాత్రం కదల్లేదు.

"వచ్చినారా?" అంది మునిరత్నమ్మ ఫోటోతో, మెల్లగా. "ఊరికే తోస్తా ఉంటే ఎట్ల? తీసుకోనిపోండి."

రూపశ్రీ గడపలోంచి ఒకడుగు వెనక్కి వేసింది. తోసింది తాను కాదని తెలిసి ప్రాణం కుదుటపడాలి. కానీ, అయితే తోసేది మామేనా అన్న భయంతో ఒంట్లో వేడంతా పోయినట్టయింది.

మర్నాడు పొద్దున్నే అక్కమ్మ వచ్చి కూర్చుంది. "ధనశేఖరా, నీ పెండ్లాన్ని ఒక నెల పుట్టింటికి పంపు నాయనా. ఆ యమ్మి లేనప్పుడు కూడా మీ యమ్మ పడితే, గాలి సోకిందనుకుందాం."

ధనశేఖర్ ప్లేటులోని ఇడ్లీ తుంచుతూనే ఉన్నాడు. "నువ్వేనా?" అన్నాడు చివరికి భార్యతో, తల ఎత్తకుండా.

"ఆ మాట నా మొగం సూసి అడగండి."

అతను చూడలేదు. గోడవార కూర్చున్న మునిరత్నమ్మ అన్నీ వింటోంది, ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్ళయిన నాలుగేళ్ళలో రూపశ్రీకి ఎప్పుడూ అంత కడుపుమండలేదు.

"పోతాను. ఒక్క దినం ఆగండి," అంది. "అత్తకు కాళ్ళు దూది మింద పెట్టినట్టుండాదంట. చెప్పు జారిపోయినా తెలీడంలేదు. నాలుక ఎర్రగా నున్నంగా అయిపోయి చారు కూడా మంటంటాది. దయ్యానికి నాలుకతో ఏం పని? తిరపతిలో డాక్టరుకు సూపించి, ఆపైన నన్ను బస్సెక్కించండి."

తిరుపతి డాక్టరమ్మ ఒక ఇనుప కడ్డీని మోగించి మునిరత్నమ్మ చీలమండ మీద పెట్టింది. అదురు తెలుస్తోందా అని అడిగింది.

"ఏం తెలీలేదు. ఈమధ్య మగ్గాలాడినా నేల అదురు తెలీడంలేదమ్మా."

డాక్టరమ్మ రూపశ్రీని దూరంగా కుర్చీలో కూర్చోమంది. మునిరత్నమ్మను పాదాలు రెండూ కలిపి నిలబెట్టి, కళ్ళు మూసుకోమంది. మూడు లెక్కపెట్టేలోగా మునిరత్నమ్మ ముందుకు ఒరిగింది. ధనశేఖర్ పట్టుకున్నాడు.

"సూసినారా, తోసినారు," అందామె.

ధనశేఖర్ మొదట అమ్మ వెనక ఉన్న ఖాళీ గోడ వైపు, తర్వాత గదికి ఆ చివర ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న భార్య వైపు చూశాడు. ఈసారి ముఖం చూశాడు.

"పాదాలకు నేల స్పర్శ తెలియడంలేదు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు చూపే ఈమెను నిలబెడుతోంది," అంది డాక్టరమ్మ. "ఏం తింటారు? పాలు, పెరుగు?"

"కాశీలో వదిలేసినాను."

కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనదొకటి గంగలో వదిలి రావాలి. తెలివైనవాళ్ళు కాకరకాయ వదిలి పుణ్యం కట్టుకుంటారు. మునిరత్నమ్మకు ఆ తెలివి లేదు. మొగుడు పోగానే గుడ్డు, మాంసం మానేసింది, ఆ ఏడే కాశీలో ప్రాణం లాంటి పెరుగును, పాలతో సహా ఆయన పేరు మీద వదిలేసింది.

రక్తపరీక్షలో బి12 విటమిన్ అడుగంటిందని తేలింది. అది కూరల్లో, ధాన్యంలో దొరకదట. కరువైతే నరాలు పాడవుతాయట, లేని మనుషులు తాకినట్టు, పిలిచినట్టు కూడా ఉంటుందట. "మీ మొక్కు మీరు ఉంచుకోండి, ఇంజెక్షన్లు వేస్తాం," అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో ధనశేఖర్ తప్పయిందని చెప్పబోయాడు. "ఇంటికి పోయి మీ పెద్దమ్మ ముందర చెప్పండి," అంది రూపశ్రీ. చెప్పాడు కూడా.

ఇంజెక్షన్లతో మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మునిరత్నమ్మ దీపం వెలిగించి, "రూపా, నా ఎనక నిలబడు," అంది. కళ్ళు మూసుకుంది. రూపశ్రీ తాకకుండా చేతులు చాచి నిలబడింది. మునిరత్నమ్మ కొంచెం ఊగింది గానీ పడలేదు. అలాగే చాలాసేపు నిలబడింది, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

"తొయ్యలేదమ్మా. ఆయన ఇంక రారు."

"అత్తా..."

"నువ్వు కాదని నాకు ముందే తెలుసు. తోసేది ఆయనేనని చెప్తే మంత్రగాన్ని పిలిచి తరిమేస్తారని నోరు మూసుకున్నాను. నిన్ను అంత మాటన్నా మూసుకునే ఉన్నాను. పడితే నొప్పే. అయినా ఆరేండ్లలో నా వీపు మింద చెయ్యేసిందెవురు, ఆ చెయ్యి తప్ప?"

రూపశ్రీకి కోపం వచ్చింది. వచ్చినంత వేగంగానే అది కరిగిపోయింది. చాచి ఉన్న చేతుల్లో ఒకదాన్ని అత్త వీపు మీద ఆనించింది. మునిరత్నమ్మ ఉలిక్కిపడింది.

"నేనే అత్తా."

"ఉంచు," అంది మునిరత్నమ్మ, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.