కుడివైపు స్పీకరు

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి ఆయన మళ్ళీ స్పీకర్లు తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంకా తుడిస్తే రంగు ఊడొస్తుందండీ," అంది భార్య, కూరగాయలు తరుగుతూ.

"పదింటికి సంగీతం టీచరు వస్తోంది. ఆవిడ ముందు నువ్వు ఆ షాపు మాట ఎత్తకు."

ఎత్తకుండా ఎలా ఉంటుంది? నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి ఒంటిగది వాటాలోకి మారాలి. నడుమెత్తు స్పీకర్లు రెండు, ఇద్దరు పట్టనిదే కదలని ఆంప్లిఫయరు, గాజుమూత రికార్డు ప్లేయరు అందులో పెడితే మొగుడూ పెళ్ళాం గుమ్మంలో పడుకోవాలి. పాత ఆడియో సామాను కొనే షాపతను సగం ధరకైతే ఇవాళే పట్టుకుపోతానన్నాడు. ఈయన ససేమిరా అన్నాడు. ముప్పయ్యేళ్ళు రికార్డింగ్ స్టూడియోలో పనిచేసిన మనిషి, పాము చెవులని అక్కడ పేరు. తన సెట్టుని వినడం తెలిసినవాళ్ళకే, దగ్గర కూర్చోబెట్టి వినిపించి మరీ అమ్ముతానని భీష్మించుకున్నాడు.

ఇప్పటికి ముగ్గురొచ్చారు. ముగ్గురూ కాసేపు విని, మొహం అదోలా పెట్టి, ఇంట్లో అడిగి చెప్తామని వెళ్ళారు. ఆ తర్వాత అజాపజా లేరు.

"వాళ్ళకి చెవులుంటేగా!" అనేవాడాయన. ఆవిడ తలూపేది.

ఆవిడకి అసలు సంగతి తెలుసు. కుడివైపు స్పీకర్లో సన్నని శబ్దాలు పలికే ట్వీటరు ఎప్పుడో చచ్చిపోయింది. వయొలిన్ పైస్థాయి, తాళాల గలగల, పాడేమనిషి ఊపిరి, అన్నీ ఎడమపక్క నుంచే వస్తాయి. వంటింట్లోంచి ఆవిడకి తెలుస్తున్నది ఎదురుగా కూర్చున్న ఆయనకి తెలియడం లేదు. షాపతనైతే సెట్టు తీసుకుపోయి మిషన్ మీద చూసుకుంటాడు. డబ్బు తగ్గిస్తే ఆ మాటేదో ఆవిడతోనే అంటాడు, ఆయన దాకా రానక్కర్లేదు. అందుకే షాపు, షాపు అని ఇన్నాళ్ళుగా చెవిలో జోరీగలా పోరుతోంది.

టీచరు వచ్చింది. రికార్డు సగమైనా కాలేదు, లేచి వెళ్ళి కుడివైపు స్పీకరు ముందు వంగింది.

"సార్, ఇందులో..."

"టీ తాగుతారా అమ్మా?" అంది భార్య గబగబా.

"ఉండవే! చెప్పనీ."

"ట్వీటరు పలకడం లేదండీ. మీకు..." అని మిగతాది మింగేసింది టీచరు.

ఆయన గట్టిగా నవ్వాడు. "మీరు పిల్లలకి సరిగమలు నేర్పుకోండమ్మా. నాకు నేర్పకండి."

ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

"చూశావా, ఎంత ధైర్యమో!" అంటూ వెనక్కి తిరిగి, ఆయన ఆగిపోయాడు. "నువ్వేంటి, అలా నిలబడ్డావు?"

"ఆ అమ్మాయి అన్నది నిజమేనండీ."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ స్పీకరుకి చెవి ఆనించాడు. కుడిదానికి ఆనించాడు. మళ్ళీ ఎడమదానికి.

"ఎడమది పలుకుతోందా?"

"పలుకుతోంది."

"నాకు రెండూ ఒకేలా ఉన్నాయే," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని ఆవిడ ఎన్నడూ ఎరగదు. మరుక్షణం విరుచుకుపడ్డాడు. "తెలిసీ నోరు కుట్టేసుకున్నావా? నలుగురి ముందు నన్ను వెధవని చేశావు!"

"చెప్తే మీరేమైపోతారోనని..."

"ఇప్పుడేమయ్యానో చూడు!"

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన లేచి రికార్డు ఆపేసి అన్నాడు, "ఆ షాపుకి ఫోన్ చెయ్యి."

మధ్యాహ్నం షాపతను ఇద్దరు మనుషులతో వచ్చాడు. కాగితం తీసి, "లోపాలేమైనా ఉన్నాయా సార్?" అని అడిగాడు.

"కుడివైపు ట్వీటరు పోయింది. రాసుకో," అన్నాడాయన.

"ఎప్పటినుంచి?"

ఆయన భార్య వైపు చూశాడు. ఈమధ్యనే అంటే సరిపోయేది. కానీ ఆవిడకి అబద్ధాలు అయిపోయాయి.

"నాలుగేళ్ళు."

షాపతను రాసుకున్నాడు. స్పీకర్లు గుమ్మం దాటాయి. వ్యాను వెళ్ళిపోయాక ఆయన నెమ్మదిగా అడిగాడు.

"అంటే నా చెవులు పోయీ నాలుగేళ్ళు. నన్ను పనిలోంచి తీసేసి రెండేళ్ళేగా? అంతకుముందు రెండేళ్ళు నేను చేసిన పనంతా?"

"మీరు ఇంటికొచ్చాక స్టూడియో ఓనరుగారే కూర్చుని సరిచేసేవారట. చేయలేక, చివరికి కొత్త మిషన్లొచ్చాయని వంక పెట్టి మిమ్మల్ని మానిపించారు. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

ఆయన నేల మీద చతికిలబడ్డాడు. ఆవిడ పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు.

"నన్ను తీసేసిన రోజు స్టూడియో గుమ్మంలో నిలబడి, పదిమందీ వింటుండగా వాణ్ణి తిట్టాను. విశ్వాసం లేనివాడివన్నాను. వాడు ఒక్క మాటా ఎదురు చెప్పలేదు."

"తెలుసండీ."

"తప్పు చేశాడు కాబట్టి తలవంచుకున్నాడనుకున్నాను," అని ఆయన ఆవిడ భుజం మీద తలపెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.