ముందే రాసిన తీర్పు

లైబ్రరీ గదిలో పొడవాటి బల్ల చుట్టూ నలభై మంది పిల్లలు చేరారు. మామూలుగా అయితే ఆ గోలకు చెవులు చిల్లులు పడాలి. ఆ శుక్రవారం మాత్రం చీమ చిటుక్కుమన్నా వినిపించేటట్టు ఉంది.

బల్లకు ఒక చివర ముత్యం కూర్చుంది. ఏడో తరగతి పిల్ల. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఒక టీచర్ అన్నది మొదలు, ఆ పేరే స్థిరపడిపోయింది. రెండో చివర ఆరో తరగతి కుర్రాడు నిలబడ్డాడు. వాణ్ణి అందరూ సుడిగాలి అంటారు. వాడికి నడవడం చేతకాదు. ఎక్కడికైనా పరుగే.

ఆ బడిలో పిల్లల తగవులు పిల్లలే తీర్చుకోవాలి. వారం వారం రేకు డబ్బాలోంచి ఒక చీటీ తీస్తారు. అందులో ఎవరి పేరుంటే వారే ఆ వారం తీర్పరి. తగవుల బల్ల దగ్గర వారి మాటే మాట. అయితే తీర్పరికి కూడా పైన ఒకటుంది. అది గోడకు వేలాడే అట్ట. దాని మీద మూడు నియమాలు రాసి ఉన్నాయి.

ఇద్దరి మాటా వినాలి.

విన్న తరువాతే రాయాలి.

తీర్పరితో ముందుగా ఎవరైనా తగవు గురించి మాట్లాడితే, ఆ సంగతి బల్ల దగ్గర అందరికీ చెప్పాలి.

ఈ వారం తగవు చిన్నది కాదు. బడికి ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోపు బుధవారం కిందపడి పగిలింది. సుడిగాలే పగలగొట్టాడని ఫిర్యాదు. అది నిజమని తేలితే, రేపటి రిలే పరుగులో వాడి పేరు కొట్టేస్తారు. ఆ పరుగు కోసం వాడు మూడు నెలలుగా తెల్లవారగానే మైదానంలో ఉంటున్నాడు.

ముత్యం తన నోటుబుక్కు మూసి, పైన చెయ్యి అదిమిపెట్టుకుంది. దానికి కారణం లోపలి కాగితం.

నిన్న మధ్యాహ్నం వరండాలో హెడ్మాస్టరు గారు ఎదురయ్యారు.

"ఏమ్మా, రేపు నువ్వే కదా తీర్పరివి? ఆ కుర్రాడు ల్యాబులోంచి పారిపోవడం నేను కళ్ళారా చూశాను. నాన్చకుండా తేల్చెయ్యి," అని భుజం తట్టారు.

హెడ్మాస్టరు గారు భుజం తట్టడమంటే మాటలా! ముత్యం కాళ్ళు నేల మీద నిలవలేదు. సాయంత్రం ఇంటికి రాగానే తెల్లకాగితం తీసి, స్కేలుతో మార్జిన్ గీసింది. బల్ల దగ్గర హడావిడిగా రాస్తే అక్షరాలు కోడి కెలికినట్టు వస్తాయని ఆమె భయం.

అమ్మ కోర్టులో టైపిస్టు. అప్పుడే వచ్చి, చెప్పులు విప్పుతూ అడిగింది.

"ఏం రాస్తున్నావే?"

"తీర్పు."

"ఇద్దరి మాటా విన్నావా?"

"రేపు వింటాగా!"

"మా జడ్జిగారైతే వాదనలు అయ్యేదాకా నాకు టైపు చెయ్యడానికి ఒక్క ముక్క ఇవ్వరు."

"అబ్బ! మీది పెద్ద కోర్టమ్మా. మాది ఉత్త బల్ల."

"సరే తల్లీ, మీ బల్ల మీ ఇష్టం," అంటూ అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ ఉత్త బల్ల ముందే, నోటుబుక్కులో ఆ కాగితంతో, ముత్యం కూర్చుంది. పక్క కుర్చీలోనే హెడ్మాస్టరు గారు కూర్చున్నారు.

"మొదలుపెట్టమ్మా," అన్నారు లైబ్రరీ మేడమ్.

ముందుగా ఎనిమిదో తరగతి సైన్స్ లీడర్ లేచింది. "మా ప్రాక్టికల్స్ ఆగిపోయాయి. చప్పుడవగానే ల్యాబులోంచి బయటికొచ్చింది వీడొక్కడే. ఇంకెవరు పగలగొడతారు?"

"సుడిగాలికి చెట్లే ఆగవు, మైక్రోస్కోపు ఆగుతుందా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. సుడిగాలి నవ్వలేదు.

తన మాట చెప్పడానికి వాడు ముత్యం ఎదుటికి వచ్చాడు. రాసుకోవడానికి ఆమె నోటుబుక్కు తెరిచింది. తెరవగానే ఆ కాగితం బయటపడింది. వాడి పేరు కింద ఎర్రసిరాతో గీత. తలకిందులుగా కనిపించినా తన పేరు ఎవరు గుర్తుపట్టరు?

"అక్కా," అన్నాడు వాడు. "నేనింకా నోరు విప్పనే లేదు. అప్పుడే రాసేశావా?"

"ఏం రాసింది? ఏం రాసింది?" అని గుసగుసలు మొదలయ్యాయి.

చిత్తు కాగితమని చెబితే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వాడి ముఖం చూశాక అది పెదవి దాటలేదు. ముత్యం లేచి నిలబడింది.

"తీర్పు నిన్ననే రాసేశాను. నేనిక్కడ కూర్చోకూడదు."

"ఫరవాలేదు, కూర్చో. పని కానివ్వు," అన్నారు హెడ్మాస్టరు గారు.

ముత్యం కూర్చోలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇంకొకటి చెప్పాలి సార్. మూడో నియమం. నిన్న వరండాలో మీరు... వాడు పారిపోవడం చూశానన్నారు. నాన్చకుండా తేల్చెయ్యమన్నారు."

హెడ్మాస్టరు గారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. గోడ మీది అట్ట వైపు చాలాసేపు చూశారు. పదేళ్ళ క్రితం దాన్ని రాసింది ఆయనే.

"అన్నాను," అన్నారు చివరకు. "అనకూడదు."

ఆయన కుర్చీలోంచి లేచారు. గది మధ్య సాక్షుల కోసం వేసిన చెక్క స్టూలు మీదికి వెళ్ళి కూర్చున్నారు. "నేను చూసినవాణ్ణి. నా చోటు ఇది."

మేడమ్ డబ్బా ఊపి మళ్ళీ చీటీ తీశారు. ఈసారి అందరూ బుడత అని పిలిచే ఐదో తరగతి పిల్ల పేరు వచ్చింది. కుర్చీలో కూర్చుంటే ఆ పిల్ల కాళ్ళు నేలకు అందలేదు.

"నాకు చక్కగా రాయడం రాదు మేడమ్!" అంది బిక్కమొహంతో.

ముత్యం తన నోటుబుక్కులోంచి ఒక ఖాళీ కాగితం చింపి ఆమె ముందు పెట్టింది. "ఇప్పుడేమీ రాయకు. ముందు విను."

సుడిగాలి చెప్పాడు. గాలివాన వస్తుంటే కిటికీ మూయడానికి ల్యాబులోకి వెళ్ళాడట. వాడు చేరేలోపే కిటికీ తలుపు విసురుగా వచ్చి, బల్ల అంచున ఉన్న మైక్రోస్కోపును తోసేసిందట. "నేను పారిపోలేదు. అటెండర్ తాత కోసం పరిగెత్తాను."

"నిజమే," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అటెండర్. "తాతా, పగిలిందంటూ రొప్పుతూ నా దగ్గరికే వచ్చాడు."

బుడత స్టూలు వైపు తిరిగింది. "సార్, వాడు పగలగొట్టడం చూశారా, పరిగెత్తడం చూశారా?"

హెడ్మాస్టరు గారు సుడిగాలి వైపు తిరిగారు. "పరిగెత్తడమే చూశాను తల్లీ."

"అయితే కిటికీ చూద్దాం పదండి!"

అందరూ బిలబిలమంటూ ల్యాబుకు వెళ్ళారు. కిటికీ కొక్కెం ఊడిపోయి ఉంది. బుడత కిటికీ తలుపును తోసి చూసింది. అది సరిగ్గా బల్ల అంచుకు వచ్చి కొట్టుకుంది.

తీర్పు అక్కడే, కిటికీ గట్టు మీద రాసింది. "కిటికీకి కొక్కెం లేదు. వాడు పగలగొట్టడం ఎవరూ చూడలేదు. రేపు పరిగెత్తవచ్చు. కొక్కెం పెట్టించాలి." రెండు కొట్టివేతలు, ఒక సిరా మరక. వరసలు కొండెక్కి దిగుతున్నాయి.

సుడిగాలి అది రెండుసార్లు చదువుకున్నాడు. మరుక్షణం వాడు మైదానంలో ఉన్నాడు.

సైన్స్ లీడర్ ముత్యం చెవిలో గొణిగింది. "నోటీసు బోర్డుకు ఇలాంటిదా? నువ్వు చక్కగా తిరగరాసెయ్యవే."

ముత్యం తల అడ్డంగా ఊపింది. నాలుగు గుండుసూదులు తీసుకుంది. ఆ వంకర అక్షరాల కాగితాన్ని, ఏ మూలా వంకర పోకుండా, బోర్డుకు గుచ్చింది.