మెడ చాచి ఎగిరేవి

"ఎడమ కన్ను మూసుకుని చదవండి," అంది కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి.

అతను చదివాడు. పై వరుసతో మొదలుపెట్టి, మెట్లు దిగినట్టు ఒక్కో వరుసా దిగుతూ, ఎక్కడా ఆగకుండా ఆఖరి వరుస దాకా వచ్చేశాడు.

"ఇప్పుడు కుడి కన్ను."

మళ్ళీ చదివాడు. "అడుగున అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా ఉంది. చదవమంటారా?" అన్నాడు.

ఆమె చార్టు దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. చదువు అయిపోయినప్పటినుంచి ఆ గదిలోనే ఊళ్ళో వాళ్ళ కళ్ళు పరీక్ష చేస్తోంది గాని, అక్కడ ప్రెస్సు పేరుందని ఆమెకి ఆరోజే తెలిసింది. ఆ సంగతి మొహంలో కనబడనివ్వకుండా వెనక్కి వచ్చి లైటు వేసింది.

"మీ కళ్ళకేం లేదు."

"తెలుసండి."

"తెలిస్తే ఎందుకొచ్చారు?"

"మా సూపర్‌వైజర్‌కి తెలీదు."

"ఆయనకెందుకొచ్చింది అనుమానం?"

"నేను పక్షుల్ని చూశానండి. చాలా పెద్దవి."

ఆమె చేతిలో ఉన్న పెన్ను కింద పెట్టింది. "ఆ మాట ముందే చెప్పాల్సింది. అలాంటివి కనబడితే కళ్ళ పరీక్షకి రారు. దానికి వేరే డాక్టర్లున్నారు."

"వాళ్ళ దగ్గరికి రెండో విడతలో పంపుతారట," అన్నాడతను.

అసలు జరిగింది ఇది. అతను లిఫ్ట్ మెకానిక్. ఊళ్ళో మేడల నెత్తిమీద ఉండే మోటారు గదుల్లోనే అతని ఉద్యోగమంతా. ఒకరోజు పొద్దున్న ఒక పెద్ద ఆఫీసు భవనం పైకెక్కి, లిఫ్ట్ ఆపి, మోటారుకి గ్రీజు పెట్టి, చేతులు తుడుచుకుందామని బయటికి వచ్చాడు. నీళ్ళ ట్యాంకు వెనకనుంచి అవి వచ్చాయి. బూడిద రంగువి. ఒక్కో రెక్క లిఫ్ట్ తలుపంత ఉంది. మెడ ముందుకి కర్రలా చాచి, కాళ్ళు వెనక్కి వదిలేసి, ఎక్కడా ఏ తొందరా లేనట్టు రెక్కలూపుకుంటూ అతని తలమీదుగా, ఆఫీసుల మీదుగా, కింద హారన్లు కొట్టుకుంటున్న ట్రాఫిక్ మీదుగా వెళ్ళిపోయాయి. వాటిలో ఒకటి బూర ఊదినట్టు అరిచింది. అవి చుక్కలై కరిగిపోయేదాకా అతను నోరు తెరుచుకుని చూశాడు. కరిగిపోయాక కూడా కాసేపు చూశాడు. లిఫ్ట్ మళ్ళీ వేయాలన్న సంగతి గాలికి పోయింది.

ఈలోగా కింద, మోకాళ్ళ నొప్పులున్న ఆ ఆఫీసు పెద్దాయన తన గదికి మెట్లెక్కి వెళ్ళాడు. ఆయన గది అన్నిటికన్నా పైన.

ఎందుకింత ఆలస్యమైందని అడిగితే ఇంకెవరైనా ఫ్యూజు పోయిందనేవారు. ఇతను పక్షులన్నాడు.

"ఎంత పెద్ద పక్షులు?" అన్నాడు సూపర్‌వైజర్.

అతను చేతులు రెండూ చాచాడు. చాలలేదు. పక్కనున్న వాచ్‌మన్‌ని కూడా చేతులు చాచమన్నాడు.

ఆ రోజుతో కంపెనీలో అతని సొంత పేరు పోయి 'పక్షి' అనే పేరు స్థిరపడింది. మేడలెక్కే పని తీసేసి సెల్లారులో పాత తాళ్ళు చుట్టే పనికి వేశారు. కళ్ళు బాగున్నాయని కాగితం తెస్తే అప్పుడు ఆలోచిస్తామన్నారు.

"సెల్లారుకి కిటికీ కూడా లేదండి," అన్నాడు ఆమెతో. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఊరికే.

ఆమె కాగితం రాసిచ్చింది. చూపు లక్షణంగా ఉందని రాసింది. పక్షుల జోలికి పోలేదు.

మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు.

"మీ కాగితం నన్ను ముంచేసిందండి."

"అందులో ఉన్నది నిజమేగా."

"అదే వచ్చిన చిక్కు. కళ్ళు పాడైతే జాలిపడి ఊరుకునేవాణ్ణి, కళ్ళు బాగున్నాయంటే కావాలని అబద్ధమాడుతున్నావన్నమాట అంటున్నాడు మా సూపర్‌వైజర్."

ముందు గదిలో ఫ్రేములు తుడుస్తున్న ఆమె తండ్రి తల తిప్పకుండా, "ఆయన మాటలోనూ న్యాయం ఉంది," అన్నాడు. లోకంలో సగం గొడవలు జనానికి పవరు సరిగ్గా కుదరకే వస్తున్నాయని ఆయన నమ్మకం.

ఆమె కాసేపు ఆలోచించింది. తను రాసిన కాగితం వల్ల ఒక మనిషి కిటికీ లేని చోట ఇరుక్కుపోవడం ఆమెకి మింగుడు పడలేదు.

"ఈ షాపు పైన మా డాబా మీదినుంచి ఆకాశం బాగానే కనిపిస్తుంది," అంది. "పొద్దున్న షాపు తీసేముందు రండి. మీరు చూసిందేమిటో నేనూ చూస్తాను. చూస్తే అదీ రాసిస్తాను."

అలా మొదలైంది. అతను డ్యూటీకి వెళ్ళేముందు వచ్చేవాడు. ఇద్దరూ డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని తల పైకెత్తి కూర్చునేవారు.

"అదిగో," అనేది ఆమె.

"అది గద్దండి."

"అదిగో, అది పెద్దదే."

"అదీ గద్దే. ఇందాకటిదే, తిరిగొచ్చింది."

ఒకరోజు చాలా ఎత్తులో తెల్లగా ఏదో రెక్కలు విప్పుకుని తేలుతూ వచ్చింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇది కాదనకండి. ఇది కచ్చితంగా అదే."

అతను కళ్ళు చిట్లించి చూశాడు. "కవరండి. బట్టల షాపుది."

"మీకు అంత దూరం నుంచి షాపు కూడా తెలిసిందా?"

"పేరు చదివాను."

ఆమె మళ్ళీ కూర్చుంది. అతనివైపు ఒకసారి చూసింది.

ఒకరోజు చెప్పాపెట్టకుండా వాన పడింది. ఇద్దరూ నీళ్ళ ట్యాంకు కిందికి దూరారు. అక్కడ ఒకరే పడతారు. ఇద్దరు పట్టాలంటే ఊపిరి కూడా వంతులవారీగా పీల్చుకోవాలి. ఆమె జుట్టులోంచి నీటిచుక్క ఒకటి జారి అతని మోచేతి మీద పడింది. అతను దాన్ని తుడుచుకోలేదు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. ఆమె తుమ్మింది. అతను నోరు మూసుకున్నాడు.

వాన తగ్గాక కిందికి దిగుతుంటే ఆమె తండ్రి ఎదురొచ్చాడు.

"కనబడ్డాయా?"

"ఇంకా లేదండి."

"కనబడితే చెప్పండి," అని తన పనిమీద వెళ్ళిపోయాడాయన.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ స్వయంగా సెల్లారులోకి దిగొచ్చాడు.

"రేపటినుంచి పైకెళ్ళు," అన్నాడు. "కొత్త కళ్ళద్దాలు తీసుకుందామని ఆ షాపుకెళ్ళాను. ఆ అమ్మాయి తనూ చూశానంది. చదువుకున్న పిల్ల, పైగా కళ్ళ డాక్టరు. ఆమె చూసిందంటే ఉండే ఉంటాయి."

అతను చేతిలో తాడు వదిలేసి పరిగెత్తాడు. దారిలో ఎవరెవరిని గుద్దుకున్నాడో అతనికే తెలియదు. షాపులోకి వచ్చి పడేసరికి మాట రావడంలేదు.

"చూశారా? ఎప్పుడు? ఎటునుంచి వచ్చాయి?"

ఆమె లెన్సులు సర్దుతోంది. "మొన్న. అటునుంచి."

"అరిచాయా?"

"ఆ, అరిచినట్టే ఉంది."

"మెడ ఎలా పెట్టాయి?"

"ఎలా పెడతాయి? అన్ని కొంగలూ పెట్టినట్టే, ముడుచుకుని."

అతని మొహంలో వెలుగు ఆరిపోయింది. ఆమె అది గమనించింది గాని, ఎక్కడ తప్పు పోయిందో ఆమెకి అందలేదు.

"మీరు చూళ్ళేదు," అన్నాడతను నెమ్మదిగా. "అవి మెడ చాచి ఎగురుతాయి. ముడుచుకునేవి మామూలు కొంగలు."

ఆమె లెన్సుల డబ్బా మూత పెట్టింది. "చూళ్ళేదు. అయితే ఏం? మీ పని మీకొచ్చిందిగా."

"పని కోసం కాదండి. నేను చూసింది ఇంకో మనిషైనా నిజంగా చూడాలని."

"చూశాక ఎవరైనా నమ్ముతారు. అందులో గొప్పేముంది?" అంది ఆమె. గొంతు పెద్దది చేయలేదు. "చూడకుండా నమ్మినదాన్ని నేనొక్కదాన్నే. అది మీ లెక్కలోకి రాలేదు."

అతను వస్తానని కూడా అనకుండా బయటికి నడిచాడు.

తరవాతి రోజుల్లో అతను మళ్ళీ మేడలెక్కాడు. ఎప్పటి ఆకాశమే. కాని పైకెక్కగానే అతని తల పైకి లేవడం మానేసింది. కళ్ళు తిన్నగా వెళ్ళి దూరంగా ఉన్న ఒక డాబా మీద వాలేవి. అక్కడ కుర్చీలు రెండూ ఒకదానిలో ఒకటి పెట్టేసి ఉన్నాయి. ఎవరూ వచ్చేవారు కాదు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే వాళ్ళక్క పట్టేసింది. అతను అక్కా బావల దగ్గరే ఉంటాడు. కక్కేదాకా వదిలే రకం కాదు ఆమె. అంతా విని కంచం పక్కకి జరిపింది.

"ఒరే, ఒక ఆడపిల్ల నీకోసం ఉన్న పరువంతా పెట్టి అబద్ధమాడితే, నువ్వు వెళ్ళి పక్షి మెడ సరిగ్గా చెప్పలేదని తప్పుపట్టావా?"

"అది కాదక్కా."

"ఆఫీసులో వాళ్ళు నీకు పేరు సరిగ్గానే పెట్టారు," అంది అక్క. "రేపు వెళ్ళి క్షమించమని అడుగు. బూట్లు తుడుచుకుని వెళ్ళు."

మర్నాడు మధ్యాహ్నం అతను తుడిచిన బూట్లతో షాపుకి వెళ్ళాడు. ముందు గదిలో తండ్రి అతన్ని చూసి, బూట్లని చూసి, లోపలి గది చూపించాడు.

ఆమె అతన్ని పేషెంటు కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు మూసి, గదిలో దీపం ఆర్పి, చార్టు మీద లైటు వేసింది.

"ఏమిటి బాధ?"

"ఈ మధ్య పైకెక్కితే ఆకాశం కనబడటం లేదండి. మీ డాబా ఒక్కటే కనబడుతోంది."

"ఎప్పటినుంచి?"

"మొదలైంది వాన పడిన రోజే."

"ఆ రోజే చెప్పాల్సింది."

"నోటిదాకా వచ్చింది. మీరు తుమ్మారు."

చీకట్లో ఆమె నవ్విందో లేదో తెలియలేదు. బయట వీధిలో ఏదో గోల మొదలైంది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. బళ్ళు ఆగిపోతున్న చప్పుడు.

"చూడకుండా నమ్మానని మీరన్నది నాకు ఇంటికెళ్ళాక అర్థమైంది," అన్నాడతను.

"మీ ఇల్లు అంత దూరమా? ఇన్ని రోజులు పట్టింది."

"మా అక్క తిట్టేదాకా పట్టింది. తప్పు నాదే. మీ మాట నాకు ఆ పక్షులకన్నా పెద్దది. అది ఎదురుగా ఉంటే చూళ్ళేకపోయాను."

తలుపు మీద తండ్రి తట్టాడు. "అమ్మాయ్, ఒకసారి బయటికి రా."

"పేషెంటు ఉన్నారు నాన్నా."

"అయితే ఆయన్ని కూడా తీసుకురా."

"పరీక్ష సగంలో ఉంది."

అడుగుల చప్పుడు దూరమైంది. ఆమె స్టూలు జరుపుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"నేనూ ఒకటి చెప్పాలి. మొదట్లో నేనూ నమ్మలేదు. అన్నీ కాకమ్మ కబుర్లు అనుకున్నాను. పొద్దున్నే నన్ను డాబా ఎక్కించడానికి వేసిన ఎత్తేమో అని కూడా అనుకున్నాను."

"మరి ఎప్పుడు నమ్మారు?"

"కవరు ఎగిరినప్పుడు. అది పక్షేనని నేనే అన్నాను. అవునంటే అక్కడితో మీ కష్టాలు తీరిపోయేవి, కాగితం రాసిచ్చేదాన్ని. మీరు కవరన్నారు, పైగా షాపు పేరు చదివారు. అలాంటి మనిషి పెద్ద పక్షులు చూశానంటే చూసినట్టే. ఆ రోజు రాసివ్వడానికి ఏమీ లేకపోయినా, మర్నాడు మీరొస్తారా రారా అని మెట్ల మీద నిలబడ్డాను."

"నేను రోజూ ముందే వచ్చి వీధి చివర తిరుగుతుండేవాణ్ణి," అన్నాడతను. "మరీ పెందరాళే వస్తే బాగుండదని."

ఆమె చెయ్యి చాచింది. చార్టు మీది వెలుగులో ఆ చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. అతను పట్టుకున్నాడు. వీధిలో గోల పెరిగి, పెద్దదై, నెమ్మదిగా సద్దుమణిగింది.

వాళ్ళు బయటికి వచ్చేసరికి వీధి వీధంతా రోడ్డుమీదే ఉంది. బస్సు దిగిన వాళ్ళు, దుకాణాల వాళ్ళు, కత్తెర చేత్తో పట్టుకునే బయటికొచ్చిన మంగలి, సగం గడ్డంతో అతని గిరాకీ, అందరూ తలలెత్తి ఒకేవైపు చూస్తున్నారు. ఆకాశం ఖాళీగా ఉంది.

"వెళ్ళిపోయాయి," అన్నాడు తండ్రి. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "ఎంతసేపు తిరిగాయో. మన షాపు మీదే చక్కర్లు కొట్టాయి. ఒక్కొక్కటి ఇంత." ఆయన చేతులు చాచాడు. చాలక మంగలివైపు చూశాడు. "మెడ చాచి ఎగురుతున్నాయి."

ఆమె అతనివైపు చూసింది. అతను ఆమెవైపు చూశాడు.

అతని ఫోను మోగింది. సూపర్‌వైజర్. "చూశావా? ఊరంతా చూసింది. మా ఆవిడ కూడా చూసింది. నువ్వు చూశావా లేదా?"

"లేదు సార్."

"అదేమిటయ్యా, ఎక్కడున్నావు?"

"కళ్ళు చూపించుకుంటున్నాను సార్," అని ఫోను పెట్టేశాడు.

"ఊళ్ళో మనిద్దరమే చూళ్ళేదు," అంది ఆమె. బాధపడాలనుకుంది గాని కుదరలేదు. ఆమె చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోయారు. తండ్రి మరవలేదు. ఆ చేతులవైపు చూసి, జేబులోంచి గుడ్డ తీసి, తన కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మళ్ళీ చూశాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు బాబూ?"

"అక్కా బావా అండి."

"ఆదివారం తీసుకురా." ఆయన కూతురివైపు తిరిగాడు. "ఇంతసేపు చేశావు. ఇతనికి ఏమన్నా లోపం తేలిందా?"

"చూపులో లేదు నాన్నా."

"మిగతా వాటిల్లో?"

"ఉన్నాయి," అంది ఆమె. "నేను చూసుకుంటాను."