బ్రిడ్జి కింద దొరికిన నంబరు

ఆ రైలు బ్రిడ్జి కింది దారికి మంచి పేరు లేదు.

పగలు ఏమీ ఉండదు. స్కూలు పిల్లలు కావాలని అరుచుకుంటూ పోతారు, గోడలకు తగిలి తిరిగొచ్చే అరుపులు విని నవ్వుకుంటారు. చీకటి పడ్డాక మాత్రం పెద్దవాళ్ళు కూడా అటు పోరు. ఈ చివర నుంచి ఆ చివరకు గట్టిగా నూటయాభై అడుగులు... దాన్ని తప్పించుకోడానికి మైలు దూరం చుట్టూ తిరిగి పోతారు.

ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. "అక్కడ ఒక్కళ్ళం నడిచినా ఇద్దరం నడిచినట్టుంటుందట," అంటారు. ఎవరు చెప్పారంటే మా బావ, మా మేస్త్రీ, మా మేస్త్రీ వాళ్ళ తోడల్లుడు... ఆ నడిచినవాడు మాత్రం ఎప్పుడూ మన ఎదుట ఉండడు.

నేను విన్నది అలా కాదు. ఎవరికి జరిగిందో ఆ మనిషి నోటి నుంచే విన్నాను.

ఆమెను మేమంతా కాజాల అక్క అంటాం. చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో మా ఇద్దరివీ పక్కపక్క మిషన్లు. నేను కాలర్లు, ఆమె గుండీల కాజాలు. ఆమె కుట్టిన కాజాలో ఒక్క పోగు కూడా బయటికి కనిపించేది కాదు. మాట కూడా అంతే. ఉన్నదానికి చిటికెడు కలిపి చెప్పడం ఆమెకు రాదు. అందుకే నమ్మాను... నమ్మినందుకు ఇప్పటికీ భయపడుతున్నాను.

ఆ రోజు ఆర్డరు తొందర. మమ్మల్ని వదిలేసరికి రాత్రి పది. వాన. ఇంట్లో కూతురు జ్వరంతో పడుకుని ఉంది, చుట్టూ తిరిగి పోయే ఓపిక అక్కకు లేదు. బ్రిడ్జి కింద నుంచే బయల్దేరింది.

సగం దూరం పోయిందట. వెనక నుంచి వెలుతురు పడింది. తన నీడ పొడుగ్గా సాగి, తన కంటే ముందు గోడ ఎక్కడం చూసింది... అంతే.

పడ్డ తర్వాత ఆమెకు రెండే గుర్తు.

ఒకటి — గుద్దిన బండి కొంచెం దూరం పోయి ఆగింది. డ్రైవరు దిగాడు. హమ్మయ్య, వస్తున్నాడు అనుకుంది. అతను వంగి, పగిలిన లైటును చేత్తో తడిమి చూసుకుని, మళ్ళీ ఎక్కి పోయాడు.

రెండోది — ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి మంచు గడ్డలా ఉందట. చెవి దగ్గర ఒకటే మాట, గుసగుసగా... "కళ్ళు ముయ్యకు... కళ్ళు ముయ్యకు..."

అంబులెన్సు వచ్చేదాకా ఆమె కళ్ళు ముయ్యలేదు. వచ్చినవాళ్ళకు మాత్రం ఆమె ఒక్కతే కనిపించింది. ఫోను చేసింది ఎవరో పేరు చెప్పలేదన్నారు పోలీసులు.

కుడి కాలు మూడు చోట్ల విరిగింది. రాడ్ వేశారు. ఎముక వంకరగా అతుక్కుంది. ఇంకో ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే ఇక ఇంతే అన్నాడు డాక్టరు. మిషను తొక్కేది ఆ కాలితోనే. నాలుగు నెలలు చూసి వర్క్‌షాపులో ఆమె చోటు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. నా పక్కనే కొత్త పిల్ల కూర్చుని కాజాలు తీస్తుంటే నేను తల తిప్పి చూడలేకపోయేదాన్ని.

పరిహారం కోసం ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"బండి నంబరు?"

"చూడలేదండీ."

"చూసినవాళ్ళెవరైనా?"

"ఒకరున్నారండీ. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు."

"పేరు?"

"తెలీదు."

లాయరమ్మ పెన్నుకు మూత పెట్టేసింది. "నంబరు లేకపోతే ఏదో నామమాత్రంగా ఇస్తారమ్మా. మీ కాలికి సరిపోదు. నంబరు ఉండాలి, చూశానని కోర్టులో చెప్పే మనిషి ఉండాలి. ఆ మనిషిని తీసుకురండి, మిగతాది నేను చూసుకుంటాను."

ఆ రాత్రి కూతురు అందట, "అమ్మా, నీ బదులు నేను వర్క్‌షాపుకి వెళ్తాను. చదువు తర్వాతైనా చదువుకోవచ్చు" అని.

"ఆ మాటతో నాకు దెయ్యం భయం పోయింది," అని చెప్పింది అక్క నాతో. మళ్ళీ తనే, "పోలేదులే... దాని కంటే పెద్ద భయం వచ్చింది," అంది.

ఆమె లెక్క సూటిగా ఉంది. వారంలో ఆ రోజు, ఆ వేళ, ఆ దారిన వచ్చిన మనిషికి అటే ఏదో పని ఉండాలి. మళ్ళీ వస్తాడు. అందుకని ప్రమాదం జరిగిన ఎనిమిది నెలలకు, వారంలో అదే రోజు, రాత్రి పదింటికి బ్రిడ్జి దగ్గరికి చేరింది. స్కూలు వ్యాను నడిపే మరిది తీసుకొచ్చాడు. మనిషి ఆజానుబాహుడు, కానీ అక్కడికి రాగానే గొంతు సన్నబడింది.

"వదినా, నేను బండి దగ్గరే ఉంటా. బండి ఎవరైనా ఎత్తుకుపోతారు."

"స్కూలు వ్యాను ఎవరెత్తుకుపోతారయ్యా?"

"అలా తీసెయ్యకు వదినా..."

ఒక్కతే లోపలికి నడిచింది. చేతికర్ర... టక్. కాలు ఈడ్చిన చప్పుడు. మళ్ళీ టక్. ప్రతి చప్పుడూ గోడకు తగిలి వెనక నుంచి వస్తోంది. మా మేస్త్రీ వాళ్ళ తోడల్లుడికి వినిపించింది ఇదే కాబోలు అనుకుని ధైర్యం తెచ్చుకుంది. పై నుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతున్నాయి. పడ్డ చోటికి వచ్చేసరికి కాలు ఇక నిలవనంది. గోడకు చేరబడి, మెల్లగా కిందికి జారి కూర్చుంది.

ఎంతసేపో తెలీదు. ఎవరూ రాలేదు. లేచి పోదామనుకుంది...

పైన బ్రిడ్జి మీద కంకర కదిలింది.

కర్... కర్... ఎవరో నడుస్తున్నారు. ఆగారు. బ్రిడ్జి పక్కనున్న మెట్ల మీద నుంచి ఒక లైటు కిందికి దిగింది. నేల మీద పాకుతూ వచ్చి ఆమె పాదాల మీద పడింది. అక్కడి నుంచి మోకాళ్ళు... మొహం.

లైటు టక్కున ఆరిపోయింది.

ఆ చీకట్లో ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది. మరిదిని పిలుద్దామంటే గొంతు రాలేదు.

మెట్ల మీద నుంచి వణుకుతున్న గొంతు.

"తల్లీ... నువ్వు అడిగేది నాకు తెలుసు. నంబరే కదా. చెప్పేస్తాను. చెప్పేస్తే... వెళ్ళిపోతావా?"

అక్కకు ముందు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. తనకు భయపడుతున్నాడు. తను చచ్చిపోయిందనుకుంటున్నాడు.

అతను చెప్పేస్తున్నాడు, ఒక్కో అక్షరం, ఒక్కో అంకె... సరుకుల వ్యాను, వెనక తలుపు మీద సొట్ట, నంబరు ఇది. అప్పుడే కాగితం మీద రాసి పెట్టుకున్నాడట. ఆమె పెదాలు కదుపుతూ బట్టీ పట్టింది.

నంబరు దొరికింది. అలాగే నోరు మూసుకుని కూర్చుంటే అతను పారిపోయేవాడు. కానీ కోర్టులో నిలబడేది నంబరు కాదు, మనిషి.

"అన్నా," అంది మెల్లగా. "నేను చావలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుని చూడు."

ఆ చీకట్లో ఆ పిలుపు ఎంత భయంకరంగా వినిపించి ఉంటుందో ఆమెకు తర్వాత గాని తట్టలేదు. అతను కదల్లేదు. ఆమె అలాగే చెయ్యి చాపి ఉంచింది. చెయ్యి గుంజుతున్నా దించలేదు. మొత్తానికి ఒక మెట్టు... ఇంకో మెట్టు... వేళ్ళ కొసలు వచ్చి ఆమె మణికట్టు మీద ఆగాయి. వెచ్చగా, గరుగ్గా.

"వేడిగానే ఉంది," అన్నాడు అతను, ఎవరికో చెబుతున్నట్టు. ఉన్నచోటే కూలబడి ఏడ్చాడు.

అతను రైల్వే గ్యాంగ్‌మన్. రాత్రిళ్ళు పట్టాలు చూసుకుంటూ ఆ బ్రిడ్జి మీదుగా నడవడం అతని ఉద్యోగం. ఆ రాత్రి ఫోను చేసింది తనే. సాక్ష్యం అంటే కోర్టుల చుట్టూ తిరగాలని, పేరు చెప్పలేదు. ఆ తర్వాత ఆమె పోయిందని ఎవరో అంటే విన్నాడు. అప్పటి నుంచీ అతనికి సరిగ్గా నిద్ర లేదు.

"వస్తావా అన్నా కోర్టుకి?"

"వస్తానమ్మా. రాకపోతే నేనూ లైటు చూసుకుని పోయినవాణ్ణే అవుతాను."

వచ్చాడు. ఆ నంబరుతో పోలీసులు వ్యానును పట్టుకున్నారు. అవతలి లాయరు వానలో నంబరు ఎలా కనిపించిందని పదిసార్లు అడిగితే, పదిసార్లూ ఒకటే చెప్పాడు — బండి ఆగింది, నా చేతి లైటు దాని వెనక నంబరు మీద వేశాను. ఏడాది పైన పట్టింది. పరిహారం ఇమ్మని తీర్పు వచ్చింది. ఆపరేషన్‌కు దారి దొరికింది. కూతురి చదువు ఆగలేదు.

తీర్పు రోజు కోర్టు వరండాలో, కిటకిటలాడే జనం మధ్య, బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారట. అక్క ఇన్నాళ్ళూ దాచుకున్న మాట చెప్పింది.

"నంబరు సంగతి అటుంచు అన్నా. ఆ రాత్రి నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు చూడు... కళ్ళు ముయ్యకు, ముయ్యకు అంటూ. అది లేకపోతే నేను లేను."

గ్యాంగ్‌మన్ ఆమె వంక అదోలా చూశాడు.

"నేను కిందికి దిగలేదమ్మా."

"అదేంటి..."

"దిగుదామనే మెట్ల దాకా వచ్చాను. మీ పక్కన అప్పటికే ఒకామె ఉంది. తల మీద గుడ్డ కప్పుకుని, మిమ్మల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీవాళ్ళెవరో అనుకున్నాను. నేను లైటు వేస్తే తలెత్తి నా వంక చూసి, పో పో అన్నట్టు చెయ్యి ఊపింది. ఫోను చెయ్యమంటోంది కాబోలని వెనక్కి పరిగెత్తాను."

వరండాలో ఎవరి పేరో పిలుస్తున్నారు. అక్కకు ఏమీ వినబడలేదు.

"నాతో ఎవరూ లేరన్నా," అంది. "ఆ రోజు నేను ఒక్కదాన్నే పోయాను."

అక్కే మళ్ళీ అడిగింది.

"ఆ తర్వాత... ఎప్పుడైనా మళ్ళీ కనిపించిందా?"

అతను లేచి నిలబడి, మెల్లగా అన్నాడట.

"నేను పోయిన నెలే డ్యూటీ వేరే లైనుకు మార్పించుకున్నానమ్మా."