అద్దె మేనకోడలు

టేపక్క, ముప్పై నాలుగేళ్ళు, మెడలో కొలతల టేపు తీయకుండానే భోంచేస్తుంది. బట్టలు కుట్టే షాపులో పని. షాపులో మొదలైన పిలుపు వీధిలోకి పాకి, అసలు పేరు ఆమెకే పరాయిదైపోయింది.

మొగుణ్ణి వదిలేసిన ఆడదానికి ఉద్యోగం దొరుకుతుంది. ఉచిత సలహాలైతే బస్తాలకొద్దీ దొరుకుతాయి. గది మాత్రం దొరకదు. టేపక్క పదిహేడు ఇళ్ళ మెట్లెక్కి దిగింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న: "మీ ఆయన ఏం చేస్తుంటారు?" వదిలేశానంటే, గది నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నారు. పోయాడని అబద్ధమాడితే, "అయ్యో పాపం" అని ఒక నిట్టూర్పు విడిచి, ఆ తరువాత గది నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నారు.

పద్దెనిమిదో ఇంటావిడ ఆ ప్రశ్న అడగలేదు.

అరవై దాటిన మనిషి, ఒంటరిది. ఇంటి వెనక ఒక గది. గదికి పక్క సందులోకి ఒక తలుపు, ఇంటావిడ హాల్లోకి ఇంకో తలుపు. హాలు తలుపుకి గడియ అవతలి వైపే ఉంది. ఇవతలి వైపు గడియ ఊడదీసిన గుర్తుగా నాలుగు మేకుల బొక్కలున్నాయి. అయినా గోడలు పొడిగా ఉన్నాయి, కిటికీకి ఎండ తగులుతోంది. టేపక్కకి ప్రాణం లేచొచ్చింది.

"కాగితం ఏమైనా రాసుకుందామాండీ?" అని అడిగింది, మర్యాదకి.

"కాగితమా! మాట మీద నిలబడలేనివాళ్ళకమ్మా కాగితాలు. అదీకాక, అద్దెకిచ్చానని తెలిస్తే పన్ను కట్టమని ఆఫీసువాళ్ళు నా ప్రాణం తోడేస్తారు. ఎవరడిగినా మా అన్న కూతురివని చెప్పు. నన్ను అత్తయ్యా అని పిలువు. అద్దె అనే మాట మాత్రం నోటంట రానివ్వకు."

"మీ అన్నగారు ఎక్కడుంటారు? ఎవరైనా అడిగితే..."

"దూరం," అంది ఇంటావిడ.

మనిషిగా దొరకని గది మేనకోడలిగా దొరికింది. అంతకంటే ఆలోచించే తీరిక టేపక్కకి లేదు.

మొదటి వారం నాలుక తిరగలేదు. పాలవాడికి చెప్పింది, మీటరు చూసేవాడికి చెప్పింది, మూల కొట్టువాడికి చెప్పింది: "మా అత్తయ్యగారిల్లే." రెండో వారానికి ఆ అబద్ధం అరిగిన చెప్పులా పాదానికి సరిపోయింది.

ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఉంటుంది. చూపు సగం పోయింది, నోరు మాత్రం నిండుగా ఉంది.

"వచ్చావా తల్లీ! ఎన్నాళ్ళుంటావు ఈసారి?"

"నేను కొత్తగా వచ్చానండీ... అత్తయ్య దగ్గరికి..."

"కొత్తేమిటే! వచ్చినప్పుడల్లా మొహం మార్చుకుని వస్తావు. పోయినసారి లావుగా ఉన్నావు. అంతకు ముందు కళ్ళజోడు ఉండేది. ఎలా ఉంటేనేం, ముసలిదాన్ని కనిపెట్టుకుని ఉంటావు. ఈసారైనా మీ నాన్న వస్తే గొడవ చేయకుండా వెళ్ళు తల్లీ. పోయినసారి నీ అరుపులకి వీధి వీధంతా కిటికీలు మూసుకోవాల్సి వచ్చింది."

టేపక్క నవ్వేసింది. పాపం, నలుగురైదుగురు మనుషుల్ని కలిపి ఒక్కరిని చేసుకుంది అనుకుంది. అరుపులు వినపడితే కిటికీలు తెరవాలి గానీ మూయడమేమిటని మాత్రం అనుకోలేదు. తన కాపురంలో కూడా పక్కింటివాళ్ళు మూసుకున్న కిటికీలే ఆమెకి తెలుసు.

ఐదో వారంలో వానలు పట్టాయి. ఆ సాయంత్రం షాపు నుంచి వస్తుంటే టీచరమ్మ కిటికీలోంచి పిలిచింది.

"మీ నాన్న వచ్చారుగా మధ్యాహ్నం! నువ్వు లేవంటే ఆదివారం వస్తానన్నారు."

టేపక్క వచ్చిన దారి వైపు తిరిగి చూసింది. మూడుసార్లు మొగుడింటి నుంచి పారిపోతే, మూడుసార్లూ చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, తనే దిగబెట్టి వచ్చిన మనిషి ఆమె తండ్రి. "సర్దుకుపో తల్లీ" అనేవాడు, అదేదో మాత్ర వేసుకోమన్నంత సులువుగా. ఎలా తెలిసింది ఈ ఇల్లు?

"ఎలా ఉన్నారండీ? పొట్టిగా, బట్టతలతో..."

"పొట్టేమిటే! మా గుమ్మంలోంచి వంగి రావాల్సి వచ్చింది. చేతిలో గొడుగుంది. ఏం గొడుగో ఏమో, అది పొడిగానే ఉంది గానీ మనిషి తడిసి ముద్దయ్యాడు."

తన తండ్రి కాదు. టేపక్క హమ్మయ్య అని ఊపిరి వదలబోయింది. ఆ ఊపిరి సగంలోనే ఆగింది.

లోపల ఇంటావిడ టీ గ్లాసులు కడుగుతోంది.

"అత్తయ్యా, మీ అన్నగారొచ్చారట."

"వస్తాడు. వానలు మొదలైతే వస్తాడు."

"ఆదివారం మళ్ళీ వస్తారట. ఆయనకి నేనెవరని చెప్పాలి?"

"ఎవరడిగినా ఏం చెప్పాలో మొదటిరోజే చెప్పానుగా."

"ఆయనక్కూడానా? సొంత కూతురు మొహం ఆయనకి తెలీదా?"

ఇంటావిడ గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుంది. "మగాళ్ళు కూతుళ్ళ మొహాలు ఎప్పుడు చూశారమ్మా!"

ఆ మాటకి టేపక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూనే తన గదిలోకి వచ్చి, తలుపు వేసుకుని, నిలబడిపోయింది. వెళ్ళిపోదామనిపించింది. శనివారం షాపు ఫోనులోంచి రెండు గదులకి అడిగి చూసింది. "మీ ఆయన ఏం చేస్తుంటారు?" అన్నారు ఇద్దరూ. ఫోను పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం నుంచే ఆకాశం మసిగుడ్డలా వేలాడింది. మూడింటికి కరెంటు పోయింది. బడి యూనిఫాంలు కుట్టివ్వాల్సినవి కుప్ప పడి ఉన్నాయి. టేపక్క కిటికీ పక్కకి మిషను జరుపుకుని తొక్కడం మొదలుపెట్టింది. వాన చప్పుడు, మిషను చప్పుడు కలిసిపోయి, కాసేపు భయం కూడా మరుపున పడింది.

దారం తెగింది. సూదిలోకి ఎక్కించడానికి ఆగింది.

టక్.

సందులో గోడకి ఏదో తగిలింది. కాసేపాగి ఇంకోటి. టక్. గొడుగు మొనతో గోడను తట్టుకుంటూ, ఎన్ని అడుగులుందో లెక్కపెట్టుకుంటున్నట్టు, ఎవరో తీరిగ్గా వస్తున్నారు. మనిషి కంటే ముందు వాసన వచ్చింది. ఏళ్ళ తరబడి తెరవని పెట్టెలో బట్టలు కుళ్ళిన వాసన.

టక్. తలుపు దగ్గర ఆగింది.

"అమ్మాయ్."

మెత్తటి గొంతు. కోపం లేదు. అందుకే భయం వేసింది టేపక్కకి. ఆమె తండ్రికీ ఎప్పుడూ కోపం ఉండేది కాదు.

"తలుపు తియ్యి. బండి వచ్చింది."

"మీరెవరో నాకు తెలీదండీ," అంది టేపక్క. "నేను మీ అమ్మాయిని కాను. నేనిక్కడ అద్దెకుంటున్నాను."

గొడుగు మొన తలుపుని ఒకసారి తట్టింది.

"అద్దెకా?" అన్నాడు. "ఏదీ కాగితం?"

ఎదురింటి కిటికీలోంచి టీచరమ్మ గొంతు ఉత్సాహంగా వినిపించింది. "లోపలే ఉందండీ మీ అమ్మాయి! ఇప్పటిదాకా మిషను తొక్కింది!"

తలుపు కింద సందు బెత్తెడు కూడా లేదు. కాగితం దూరేంత ఉంటుంది. ఆ సందులోంచి ముందు నీళ్ళు వచ్చాయి. తరువాత వేళ్ళు వచ్చాయి. నానబెట్టి పరిచిన గుడ్డలా పలచగా... నాలుగు వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు. లోపలికి వచ్చాక ఆ చెయ్యి వెల్లకిలా తిరిగింది. చాపుకుని అలాగే ఉంది.

"ఏదీ? ఇవ్వు."

ఇవ్వడానికి ఏముంది? ఒక్క ముక్క రాసి లేదు. పాలవాడిని అడిగినా, మీటరువాడిని అడిగినా, ఈ వీధిలో ఎవరిని అడిగినా ఈమె ఆయన కూతురే. ఆ సాక్ష్యం అంతా ఆమె నోటితో ఆమె చెప్పుకున్నదే.

చెయ్యి కాసేపు ఎదురుచూసింది. తరువాత తలుపు వెంబడి పైకి పాకడం మొదలుపెట్టింది. మోచెయ్యి రావాల్సిన చోట మోచెయ్యి రాలేదు. ఇంకా ముంజేయే... ఇంకా... గడియ వైపు...

టేపక్క హాలు తలుపు మీద పడి రెండు చేతులా బాదింది. "అత్తయ్యా! అత్తయ్యా, తలుపు తియ్యండి!"

అవతల ఇంటావిడ అక్కడే నిలబడి ఉంది. తలుపుకి నోరు ఆనించి గుసగుసగా అంది. "అరవకు. అరిస్తేనే కష్టం. ఊరికే వెళ్ళిపో."

"ఆయన... మనిషి కాదు..."

"తెలుసు. పోయి పదకొండేళ్ళయింది."

"మరి నన్నెందుకు..."

"వాడి కూతుర్ని మొగుడి దగ్గర్నుంచి తప్పించి దూరంగా పంపించింది నేనేనమ్మా. వెతుక్కుంటూనే పోయాడు, పోయినా వెతకడం మానలేదు. ఖాళీ చేతులతో పంపితే దాని దగ్గరికే పోతాడు. దానికిద్దరు పిల్లలు." కాస్త ఆగి, జాలిగానే అంది. "నీకెవరున్నారు చెప్పు?"

వెనక గడియ కదిలిన చప్పుడైంది.

ఆ ఒక్క ప్రశ్నతో టేపక్కలో భయం పోయి దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. పదిహేడు గుమ్మాల్లోనూ అడిగింది ఇదే కదా, మాటలు వేరు. ఆమె హాలు తలుపు వదిలి వెనక్కి తిరిగింది. చెయ్యి గడియ మీద ఉంది. గడియ సగం జారింది.

"నాన్నా," అంది.

చెయ్యి ఆగింది.

"నన్ను దాచింది అత్తయ్య, నాన్నా. ఇన్నేళ్ళూ నీకు ఎవరెవరినో చూపించి, నేనేనని నమ్మించింది. ఆవిణ్ణి అడుగు."

నీళ్ళు చుక్కలు చుక్కలుగా గచ్చు మీద పడుతున్నాయి. చెయ్యి గడియ వదిలింది. నెమ్మదిగా... మడతలు పడుతూ... తలుపు కిందకి వెళ్ళిపోయింది.

టక్. ఈసారి సందులో కాదు. హాల్లో. వీధి తలుపు తెరుచుకున్న చప్పుడే లేదు.

"చెల్లీ."

"అన్నయ్యా..." అంది ఇంటావిడ. అరవై దాటిన గొంతు కాదది. పలక పగలగొట్టిన పదేళ్ళ పిల్ల గొంతు.

"ఎక్కడ దాచావు?"

హాలు తలుపుకి ఇంటావిడ వీపు ఆనిన చప్పుడైంది.

"సరే, పద. బండి వచ్చింది."

హాలు తలుపు గడియ గబగబా జారింది. తలుపు ఇవతలికి అంగుళం తెరుచుకుంది. "అమ్మా... నేనమ్మా... మీ అత్తయ్యని... లోపలికి రానివ్వు..."

టేపక్క కుట్టుమిషను ఈడ్చి తలుపుకి అడ్డంగా పెట్టింది. దాని మీద తన వీపు ఆనించి కూర్చుంది. వీపుకి ప్రతి దెబ్బా తెలిసింది. ఎదురింట్లో కిటికీలు మూస్తున్న చప్పుడు ఒకదాని తరువాత ఒకటి వినిపించింది. ఆపైన అరుపులు. ఆపైన వాన ఒక్కటే.

కరెంటు వచ్చాక మిషను జరిపి చూసింది. హాల్లో ఎవరూ లేరు. పొయ్యి మీద టీ ఇంకా పొగలు కక్కుతోంది. గది మధ్యలో తడి అడుగులున్నాయి. వీధి తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టే ఉంది.

"అన్న వచ్చి చెల్లెల్ని తీసుకెళ్ళాడు, బండి చప్పుడు నేను విన్నాను," అని టీచరమ్మ వీధంతా చెప్పింది. సొంత అన్నే కదా తీసుకెళ్ళింది. ఎవరూ వెతకలేదు.

నాలుగు నెలల తరువాత రిజిస్ట్రేషను ఆఫీసు నుంచి మేనకోడలి పేరున పిలుపు వచ్చింది. అద్దెకున్న మనిషికి ఒక్క వాక్యం రాసివ్వని ఇంటావిడ, ఇల్లు మొత్తం మేనకోడలికి రాసి పెట్టి ఉంచింది. టేపక్క ఆ ఉత్తరం మూడు రోజులు పరుపు కింద ఉంచుకుని, నాలుగోరోజు షాపుకి సెలవు పెట్టి వెళ్ళింది.

గుమాస్తా దస్తావేజు ఆమె వైపు తిప్పాడు. "అన్నీ సరిపోయాయమ్మా. ఇంక మీ సంతకం ఒక్కటే తక్కువ. సాక్షి సంతకం పొద్దున్నే మీ నాన్నగారు వచ్చి పెట్టి వెళ్ళారు. కాస్త తడి తగిలి అలుక్కుపోయింది గానీ, ఫరవాలేదు, చెల్లుతుంది."

బయట ఎండ పేలిపోతోంది. పదిహేను రోజులుగా చినుకు లేదు.

టేపక్క పెన్ను అడిగి తీసుకుంది. 'కూతురు' అని రాసి ఉన్న చోట, మేనకోడలి పేరుతో సంతకం పెట్టింది.