నాలుగు తాళాల ఫ్రీజర్

"ఆ సీసాలోది కరిగిందంటే ఐదేళ్ల కష్టం మట్టిపాలే," అన్నాడు చీఫ్.

నాలుగు పేద దేశాల శాస్త్రవేత్తలు కలిసి, పిల్లల కాళ్లు చచ్చుబడేలా చేసే జ్వరానికి టీకా కనిపెట్టారు. దాని తయారీకి మూలమైన విత్తన ద్రవం గడ్డకట్టి ఒకే సీసాలో, ఒకే ఫ్రీజర్‌లో ఉంది; ఎవరూ విడిగా దాచుకోకూడదని నాలుగు దేశాల ఒప్పందం. ఉదయం పదకొండింటికి తనిఖీ కమిటీకి చూపించలేకపోతే ఒప్పందం రద్దు. ఆ అదను కోసమే ఓ విదేశీ ముఠా కాచుకుని ఉంది.

"ల్యాబ్ సెక్రటరీ మన మనిషే. కోడ్ వర్డ్ 'మబ్బు'."

ఏజెంట్ పిచ్చుక తలూపింది. ఆ జ్వరం వచ్చాక ఆమె పెద్దకూతురు మళ్లీ నడవలేదు. చిన్నదానికి రెండేళ్లు. దాని ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఆమె గుండె జారిపోతుంది.

ఫ్రీజర్ మెకానిక్ వేషంలో, చొక్కా బొత్తాంలో మైక్ పెట్టుకుని ల్యాబ్‌లో అడుగుపెట్టింది. ఎదురుగా సిల్కు గౌను, ఎర్రటి గోళ్లు.

"మబ్బు పట్టింది కదూ?" అంది సెక్రటరీ.

హమ్మయ్య అనుకుంటూనే పిచ్చుక మీటరు చూసింది. మైనస్ డెబ్బై ఉండాల్సింది మైనస్ పది! వెనకాల కేబుల్ తెగి ఉంది.

"తెరవండి! సీసా మార్చాలి!"

ఫ్రీజర్‌కు దేశానికో తాళం; నలుగురు శాస్త్రవేత్తలూ తాళంచెవులు తీశారు. కానీ ఒప్పందం ప్రకారం ముందు అందరి సంతకాలూ పడాలి.

"పెద్దవాణ్ని, మొదట నేను," అన్నాడు గడ్డం డాక్టరు.

"పోయినసారీ మీరేగా!" డాక్టరమ్మ కాగితం లాక్కుంది.

"అయ్యో, ఫారం మారింది. ఇంకోటి తెస్తా," అంటూ సెక్రటరీ తీరిగ్గా వెళ్లింది.

"మీ కాళ్లు పట్టుకుంటా బాబూ, కానివ్వండి!" అంది పిచ్చుక.

మైనస్ రెండు. సున్నా. తలుపు తెరిచేసరికి సీసాలో మిగిలింది నీళ్లే.

సెక్రటరీ పిచ్చుక చెవిలో నవ్వింది. "కేబుల్ నేనే కోశాను. ఏం చేస్తావ్?"

మాట మైక్‌లో పడింది. కాపలావాళ్లు వచ్చి సెక్రటరీని లాక్కెళ్లారు. అయితే ఏం, కరిగిన విత్తనం మళ్లీ బతకదుగా! పిచ్చుక నేలమీద కూలబడింది. చిన్నదాని బుజ్జి పాదాలే కళ్లముందు ఆడాయి.

పదకొండుకు నిమిషం తక్కువ.

గడ్డం డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మరి... మీ మీద నమ్మకం లేక, ఆ విత్తనం ఓ చుక్క తీసి, డ్రై ఐస్ నింపిన ఫ్లాస్క్‌లో దాచుకున్నా."

"సిగ్గులేదూ!" అని అరుస్తూనే డాక్టరమ్మ తన సంచిలోంచి ఇంకో ఫ్లాస్క్ తీసింది. మిగతా ఇద్దరూ తలలు దించుకుని బల్లకిందికి వంగారు.

కమిటీ తలుపు తోసేసరికి బల్లమీద నాలుగు ఫ్లాస్కులు.

"నలుగురూ ఒప్పందం మీరారు. రిపోర్ట్ రాయాలి," అన్నాడు ఫోన్‌లో చీఫ్.

"రాస్తాను సార్," పిచ్చుక కళ్లు తుడుచుకుంది. "ముందు మా చిన్నదానికి టీకా పడనివ్వండి."